పేగు జబ్బు ఉంది, ఇప్పుడు దగ్గు పట్టుకుంది: ఏ పరీక్ష ముందు, ఏ డాక్టర్ దగ్గరికి

"క్రోన్స్‌కి మందులు వాడుతున్నాను. నెల నుంచి దగ్గు తగ్గట్లేదు. చెస్ట్ డాక్టర్‌కి చూపించుకోవాలా, గ్యాస్ట్రో డాక్టర్‌కా?" ఈ ప్రశ్న రకరకాల మాటల్లో వస్తూనే ఉంది. అడిగేవాళ్లలో ఒకరికి అల్సరేటివ్ కొలైటిస్, ఒకరికి వచ్చే నెలలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే మందు మొదలుపెట్టబోతున్నారు, ఇంకొకరికి పెద్దపేగు తీసేసి మూడేళ్లయింది. అందరికీ చెప్పే జవాబు చాలావరకు ఒకటే కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు చిక్కు ఎక్కడంటే, గ్యాస్ట్రో డాక్టర్ కడుపు చూస్తారు, చెస్ట్ డాక్టర్ ఛాతీ చూస్తారు. ఒకరు రాసిన చీటీ రెండోవారి కంట పడదు. దగ్గుకీ పేగులకీ ముడిపెట్టి చూడాల్సిన అవసరం ఉందని వాళ్లకు గుర్తుచేసే మనిషి చాలాసార్లు మీరొక్కరే. కింద రాసిందంతా ఆ పని ఎలా చేయాలన్నదే.

ఒకమాట ముందే చెప్పాలి. ఇది ఐబీడీ ఉన్నవాళ్ల కోసం, అంటే పేగుల్లో వాపు వచ్చి పుండ్లు పడే క్రోన్స్ లేదా అల్సరేటివ్ కొలైటిస్ అని కొలనోస్కోపీలో తేలినవాళ్ల కోసం. ఐబీఎస్, అంటే వాపు, పుండ్లు లేకుండానే కడుపు ఇబ్బంది పెట్టే సమస్య, వేరే సంగతి, దానికి ఇదేదీ వర్తించదు.

ముందు ఇది చూడండి: ఆగకూడని పరిస్థితులు

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.

- ఉన్నట్టుండి మొదలై, కూర్చున్నా తగ్గని ఆయాసం
- గాలి పీల్చిన ప్రతిసారీ పొడిచినట్టు ఛాతీ నొప్పి
- దగ్గితే రక్తం పడటం
- ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉండటం
- కళ్లు తిరిగి పడిపోవడం, పెదాలు నీలంగా మారడం
- గాలి లోపలికి పీల్చేటప్పుడు గొంతులో కీచుమని కూత
- ఆక్సిమీటర్ 92 కంటే తక్కువ చూపిస్తూ ఉండటం

మొదటి నాలుగింటిలో ఏది కనిపించినా ముందు భయపడాల్సింది ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ గురించి. ఐబీడీ ఉన్నవాళ్లకు రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు వాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. జబ్బు తిరగబెట్టి విరేచనాలు అవుతున్న రోజుల్లో అది ఇంకా పెరుగుతుంది. ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టర్‌తో మీ మొదటి వాక్యం ఇలా ఉండాలి: "నాకు అల్సరేటివ్ కొలైటిస్ ఉంది, ఇప్పుడు తిరగబెట్టి ఉంది, ఆయాసం పొద్దున్నే మొదలైంది. గడ్డ ఉందేమో చూడండి." ఆ మాట చెప్పకపోతే ముప్పై ఏళ్ల మనిషి ఆయాసాన్ని గ్యాస్ అనో టెన్షన్ అనో కొట్టిపారేసే ప్రమాదం ఉంది.

ఇక్కడే రెండు చిన్న మెలికలు. డీ-డైమర్ అనే రక్త పరీక్ష పేగుల్లో వాపు ఉన్నా పెరుగుతుంది, కాబట్టి అది ఎక్కువ వచ్చినంత మాత్రాన గడ్డ ఉన్నట్టు కాదు. అలాగే మామూలు ఛాతీ సీటీలో గడ్డ కనిపించదు. రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసే సీటీపీఏలోనే కనిపిస్తుంది. "నిన్ననే సీటీ తీశారు, నార్మల్" అని ధైర్యంగా ఉండేముందు ఏ సీటీనో చూసుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక తెల్లకాగితం, పెన్ను
- ఇప్పుడు వాడుతున్న మందుల పేర్లు, మోతాదులు. అట్టలు ఫొటో తీసుకున్నా సరిపోతుంది
- కొలనోస్కోపీ, బయాప్సీ రిపోర్టులు
- పాత ఛాతీ ఎక్స్‌రే ఫిల్ములు, రిపోర్టులు, ఎంత పాతవైనా సరే
- థర్మామీటర్, పల్స్ ఆక్సిమీటర్. కోవిడ్ రోజుల్లో కొన్నది అల్మారాలో ఉంటే కొత్త బ్యాటరీలు వేయండి
- మిల్లీలీటర్ గీతలున్న చిన్న కప్పు. దగ్గు మందు సీసా మీద వచ్చేది చాలు

1. కాగితం రాయండి

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. మనవాళ్లు తేలిగ్గా తీసుకునేదీ ఇదే. ఫైలు అరకిలో బరువున్నా డాక్టర్ చూసేది పై రెండు పేజీలే. ఒక్క కాగితం మీద తేదీల వారీగా రాసిస్తే తప్పకుండా చదువుతారు. నమూనా చూడండి:

2023 జూన్: అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది. మెసలమైన్ రోజుకు 2.4 గ్రాములు మొదలు.
2024 నవంబర్: తిరగబెట్టింది. ప్రెడ్నిసలోన్ (స్టెరాయిడ్) 40 మిల్లీగ్రాములు, మెల్లగా తగ్గిస్తూ మూడు నెలలు.
2025 జనవరి: అజాథయోప్రిన్ 50 మిల్లీగ్రాములు మొదలు.
2025 మార్చి రెండో వారం: పొడి దగ్గు. సాయంత్రాలు 99.5 జ్వరం.
ఇప్పుడు కడుపు: రోజుకు రెండు విరేచనాలు, రక్తం లేదు.
టీబీ: 2012లో నాన్నకు వచ్చింది, అప్పుడు ఒకే ఇంట్లో ఉన్నాం. నేనెప్పుడూ టీబీ మందు వాడలేదు.
సిగరెట్ లేదు. బాల్కనీలో పావురాలున్నాయి.

ఈ నమూనాలో మూడు సంగతులు గమనించండి. దగ్గు ఎప్పుడు మొదలైందో, దానికి ముందు ఏ కొత్త మందు వచ్చిందో పక్కపక్కనే కనిపిస్తున్నాయి. దగ్గు ఉన్న సమయంలో కడుపు ఎలా ఉందో కూడా ఉంది. ఇక పావురాలంటారా, అవి నిజంగానే ముఖ్యం. వాటి రెట్టల దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు కొత్తేమీ కాదు. ప్రతి దగ్గునీ ఐబీడీ ఖాతాలో వేయలేం కదా.

టీబీ వరుస దగ్గర తడబడకండి. క్రోన్స్‌కీ పేగు టీబీకీ కొలనోస్కోపీలో పోలికలు చాలా ఎక్కువ. అందుకే మన దేశంలో క్రోన్స్ పేషెంట్లలో చాలామందికి మొదట టీబీ మందులే వాడించి ఉంటారు. ఎన్ని నెలలు వాడారు, పూర్తి చేశారా, మధ్యలో మానేశారా, వాడినప్పుడు కడుపు తగ్గిందా, ఇవన్నీ రాయండి.

2. ఇంట్లో వారం రోజులు కొలవండి

ప్రమాద సంకేతాలు లేకపోతేనే ఈ పని. అపాయింట్‌మెంట్ దొరికేలోపు చేసుకోవచ్చు. దీనికోసం అపాయింట్‌మెంట్‌ను మాత్రం వెనక్కి జరపొద్దు.

ఆక్సిజన్: ఐదు నిమిషాలు కూర్చోండి. వేలు వెచ్చగా ఉండాలి. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉన్న వేలు పనికిరాదు, రీడింగ్ తప్పొస్తుంది. అంకె నిలకడగా ఆగేదాకా, కనీసం అర నిమిషం, కదలకుండా ఉండి అప్పుడు రాసుకోండి. తర్వాత ఇంట్లోనే ఆరు నిమిషాలు మీ మామూలు వేగంతో నడిచి మళ్లీ చూడండి. కూర్చున్నప్పుడు 97 ఉండి నడిచాక 93కి పడిపోతే అది డాక్టర్‌కి చెప్పాల్సిన మాట. కూర్చున్న రీడింగ్ ఒక్కటే చూసి బాగుందనుకునేవాళ్లు ఇక్కడే మోసపోతారు. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కుర్చీలోంచి ఒక నిమిషంపాటు లేస్తూ కూర్చుంటూ చూసుకోవచ్చు, అదీ కుదరకపోతే వదిలేయండి.

కఫం: పొద్దున లేచాక గంటసేపు వచ్చిందంతా ఆ కప్పులో పట్టి, ఎన్ని మిల్లీలీటర్లో, ఏ రంగో రాయండి. రోజూ చెంచాలకొద్దీ పచ్చటి కఫం పడుతుంటే శ్వాసనాళాలు వెడల్పయి చీము నిలుస్తోందేమోనని అనుమానించాలి. దీన్ని బ్రాంకియెక్టాసిస్ అంటారు, అల్సరేటివ్ కొలైటిస్ ఉన్నవాళ్లలో తరచూ చూసే ఛాతీ సమస్యల్లో ఇదొకటి.

జ్వరం: సాయంత్రం ఐదు, ఆరు మధ్య చూడండి. పొద్దున మాత్రమే చూస్తే టీబీ జ్వరం తప్పించుకుంటుంది. స్టెరాయిడ్ వాడేవాళ్లకు జ్వరం అసలు పైకి తేలకపోవచ్చు, అదొకటి గుర్తుంచుకోండి.

3. సీబీపీ (రక్తకణాల లెక్క) చేయించండి, రెండు అంకెలు చూడండి

మొదటిది హిమోగ్లోబిన్. ఐబీడీ ఉన్నవాళ్ల ఆయాసానికి ఊపిరితిత్తులతో సంబంధంలేని ఒక కారణం రక్తహీనత. నెలల తరబడి కొంచెం కొంచెంగా రక్తం పోతుంటే మెట్లెక్కడమే కష్టమవుతుంది. హిమోగ్లోబిన్ 7 ఉన్న మనిషికి ముందు ఐరన్ ఎక్కించాలి, హెచ్ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్) తర్వాత సంగతి. అలాగని దగ్గు, కఫం ఉన్నాయంటే మాత్రం రక్తహీనత ఒక్కటే కారణం కాదు, ముందుకు వెళ్లాల్సిందే.

రెండోది ఈసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు. ఇవి పెరిగితే మన దగ్గర "ఈసినోఫీలియా" అని చెప్పి నులిపురుగుల మాత్రో, ఫైలేరియా మందో ఇచ్చి పంపేయడం మామూలే. కానీ మీరు సల్ఫాసలజైన్ గానీ మెసలమైన్ గానీ వాడుతుంటే ఆ మందే ఊపిరితిత్తులకు పడకపోయి ఉండవచ్చు. అరుదే, కానీ మందు ఆపితే తగ్గే జబ్బుకి ఇంకేదో వాడుతూ కూర్చోవడం ఎందుకు? దీని గురించి ఆరో అంచెలో రాశాను.

ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ కూడా చేస్తారు. కడుపు జబ్బు వల్ల కూడా ఇవి పెరుగుతాయి కాబట్టి వాటి మీద పెద్దగా లెక్కలు వేయకండి.

4. టీబీ ఉందో లేదో తేల్చుకోండి

మన రాష్ట్రాల్లో దీన్ని దాటి ముందుకు పోకూడదు. ప్రభుత్వ లెక్క ప్రకారం రెండు వారాలు దాటిన దగ్గుకి టీబీ పరీక్ష చేయాలి. మీరు స్టెరాయిడ్, అజాథయోప్రిన్, టోఫాసిటినిబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు.

కఫం ఇచ్చే పద్ధతి: పొద్దున్నే, ఏమీ తినకముందు, నీళ్లతో నోరు పుక్కిలించండి. ఆరుబయట నిలబడండి. రెండుసార్లు గాఢంగా ఊపిరి పీల్చి, మూడోసారి ఛాతీ లోపలినుంచి దగ్గి డబ్బాలో ఉమ్మండి. చిక్కగా, జిగురుగా ఉన్నదే పనికొస్తుంది. నురగ నురగగా ఉన్నది ఉమ్మి, దాన్ని పరీక్షిస్తే నెగెటివ్ వస్తుంది, మీరు నిశ్చింతగా ఇంటికి వెళ్తారు, జబ్బు లోపలే ఉంటుంది. కఫంలో టీబీ క్రిమి జన్యువులను పట్టే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష చేయమని అడగండి. కఫమే రాకపోతే ఉప్పునీటి నెబ్యులైజర్ పెట్టి తీస్తారు, అదీ కాకపోతే బ్రాంకోస్కోపీ, అంటే శ్వాసనాళంలోకి కెమెరా గొట్టం పంపి తీస్తారు.

ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. హైదరాబాద్ వాళ్లకు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, విశాఖ వాళ్లకు ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉన్నాయి. మిగతా చోట్ల మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. టీబీ సందేహాలకు టోల్‌ఫ్రీ నంబర్ 1800-11-6666. టీబీ అని తేలితే మందులు కూడా ఉచితమే, నిక్షయ్ అనే ప్రభుత్వ టీబీ పోర్టల్‌లో నమోదైనవాళ్లకు చికిత్స సాగినన్ని నెలలూ పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు ఖాతాలో వేస్తారు.

*ఇంకా బయలాజిక్ మొదలుపెట్టని వాళ్లకు.* ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ లాంటి బయలాజిక్‌లు (జీవకణాల నుంచి తయారుచేసే మందులు) ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపగలవు. 2001లో ఇన్‌ఫ్లిక్సిమాబ్ వాడినవాళ్లలో వచ్చిన 70 టీబీ కేసులను ఒకచోట చేర్చి చూస్తే, సగం మందికి మందు మొదలుపెట్టిన 12 వారాల్లోపే బయటపడింది. 70 మందిలో 40 మందికి టీబీ ఊపిరితిత్తుల బయట కూడా ఉంది. అందుకే ముందుగా ఛాతీ ఎక్స్‌రే, మాంటూ అనే చర్మ పరీక్ష, వీలైతే ఐగ్రా రక్త పరీక్ష చేయించాలి. టోఫాసిటినిబ్‌కీ ఇదే నియమం.

మాంటూ దగ్గర జరిగినన్ని పొరపాట్లు ఇంకెక్కడా జరగవు. సూది వేసిన 48 నుంచి 72 గంటల్లోపు చూడాలి. నాలుగో రోజు తీరిక చూసుకుని వెళ్తే లెక్కలోకి రాదు. ఎర్రదనాన్ని కొలవకూడదు, చర్మం కింద గట్టిపడిన భాగాన్నే కొలవాలి. దానికో తేలిక పద్ధతి ఉంది: బాల్ పెన్నుని ఎర్రటి మచ్చకి బాగా అవతల చర్మం మీద ఆనించి, మెల్లగా మధ్యకి జరుపుతూ రండి. గట్టి అంచు తగలగానే పెన్ను ఆగుతుంది, గీత అక్కడితో ముగుస్తుంది. రెండోవైపు నుంచి కూడా అలాగే గీయండి. రెండు గీతల మధ్య దూరాన్ని చేతికి అడ్డంగా మిల్లీమీటర్లలో కొలవండి. మామూలుగా 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పాజిటివ్ అంటారు. రోగనిరోధక శక్తి తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లకు 5 ఉన్నా పాజిటివే. ల్యాబ్ వాళ్లు "నెగెటివ్" అని ఒక్క ముక్క రాసిస్తే ఒప్పుకోవద్దు. ఎన్ని మిల్లీమీటర్లో రాయించుకోండి.

పాజిటివ్ అంటే ఇప్పుడు టీబీ జబ్బు ఉందని కాదు, క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందని. నెగెటివ్ వచ్చినంత మాత్రాన లేదనీ కాదు, ప్రెడ్నిసలోన్ మోతాదు ఎక్కువగా ఉన్నప్పుడు రెండు పరీక్షలూ అబద్ధం చెప్పగలవు. వీలైతే స్టెరాయిడ్ మొదలుపెట్టక ముందే చేయించుకోవడం మంచిది.

జబ్బు లేకుండా క్రిమి మాత్రమే ఉందని తేలితే నివారణ కోర్సు ఇస్తారు: రోజూ ఐసోనియాజిడ్ ఆరు నెలలు, లేదా వారానికోసారి రెండు మందులు కలిపి పన్నెండు వారాలు. సాధారణంగా ఇది మొదలై కనీసం నెల గడిచాకే బయలాజిక్ ఇస్తారు. జాగ్రత్త పడాల్సినవి రెండు. అజాథయోప్రిన్‌తో కలిపి వాడేటప్పుడు లివర్ పరీక్షలు క్రమంగా చేయించాలి. వారానికోసారి వేసే కోర్సులో ఉండే రిఫాపెంటిన్ స్టెరాయిడ్, టోఫాసిటినిబ్, గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తుంది, కాబట్టి మీరు వాడే మందులన్నీ డాక్టర్ ముందు పెట్టండి.

*ప్రత్యామ్నాయం:* టీబీ భయం మరీ ఎక్కువగా ఉన్నవాళ్లు వెడోలిజుమాబ్ సంగతి గ్యాస్ట్రో డాక్టర్‌ని అడగవచ్చు. అది ప్రధానంగా పేగుల దగ్గరే పనిచేస్తుంది, టీబీ ముప్పు తక్కువ. ఖర్చు మాత్రం తక్కువ కాదు.

5. ఊపిరితిత్తుల పరీక్షలు, ఈ వరుసలో

ఎక్స్‌రే మొదట. అది నార్మల్ వస్తే కథ అయిపోలేదు, శ్వాసనాళాల జబ్బు ఎక్స్‌రేలో కనిపించకుండానే ఉండగలదు. తర్వాత పీఎఫ్‌టీ, అంటే గొట్టంలోకి ఊదే పరీక్ష. దాంతోపాటు డీఎల్‌సీవో కూడా చేయమని అడగండి, ఊపిరితిత్తుల కండలో తేడా ఉంటే అది ముందుగా పసిగడుతుంది. హిమోగ్లోబిన్ తక్కువుంటే డీఎల్‌సీవో కూడా తక్కువ వస్తుంది, ఆ అంకె టెక్నీషియన్‌కి చెప్పాలి.

ఆపైన హెచ్ఆర్‌సీటీ. గాలి పీల్చినప్పుడు ఒకసారి, వదిలినప్పుడు ఒకసారి తీయమని చీటీలో రాయించుకోండి. చిన్న శ్వాసనాళాల్లో గాలి ఇరుక్కుపోతోందా అన్నది వదిలినప్పుడే తెలుస్తుంది. స్కాన్ సెంటర్‌కి వెళ్లాక అడిగితే చెయ్యరు. ఆ చీటీ మీద "అల్సరేటివ్ కొలైటిస్, మెసలమైన్ మీద ఉన్నారు" అని కూడా ఉండాలి. రేడియాలజిస్టుకి ఆ ఒక్క లైను చాలా పనికొస్తుంది.

6. మందు మీద అనుమానం వస్తే

మెసలమైన్, సల్ఫాసలజైన్: పొడి దగ్గు, జ్వరం, ఆయాసం, ఈసినోఫిల్స్ పెరగడం, ఎక్స్‌రేలో మచ్చలు. ఈ మచ్చలు చూసి టీబీ అని పొరపడటం తేలిక. మందు ఆపాక తగ్గడమే అసలైన రుజువు. కొందరికి కొన్నాళ్లు స్టెరాయిడ్ కూడా పడుతుంది. మందు ఆపాలా అన్నది మీరే తేల్చుకోకండి, కానీ ఆ రోజే గ్యాస్ట్రో డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఒకటి మాత్రం చూసుకోండి: సల్ఫాసలజైన్ పడనివాళ్లకు మెసలమైన్ కూడా పడకపోవచ్చు, మొదటిది ఒంట్లోకి వెళ్లాక రెండోదిగానే విడిపోతుంది.

మెథోట్రెక్సేట్: పొడి దగ్గు, ఆయాసం, జ్వరం కొత్తగా మొదలైతే వచ్చే వారం మాత్ర వేసుకోకుండా ఆపి, వెంటనే డాక్టర్‌ని కలవండి. ఇక్కడ ఆగి వేచిచూడటం ప్రమాదం. ఇది వారానికోసారి వేసే మందు. రోజూ వేసుకుని ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు, వారంలో ఏ రోజు వేసుకోవాలో చీటీలో తెలుగులో రాయించుకోండి.

బయలాజిక్: జ్వరం ఉన్నప్పుడు తర్వాతి డోసు తీసుకోకండి, ముందు డాక్టర్‌తో మాట్లాడండి. టోఫాసిటినిబ్: ఎక్కువ మోతాదులో, గుండెజబ్బు ముప్పున్నవాళ్లలో రక్తం గడ్డలు పెరగడం చూసి అమెరికాలో 2019లో హెచ్చరిక ఇచ్చారు. దీని మీద ఉండి కాలు వాస్తే తేలిగ్గా తీసుకోకండి.

ప్రెడ్నిసలోన్: దీన్ని మాత్రం ఏ అనుమానంతోనూ ఒక్కసారిగా మానకండి.

7. జబ్బే ఊపిరితిత్తులకు పాకిందని తేలితే

టీబీ కాదు, మందు కాదు, గడ్డ కాదు అని తేలాకే ఇక్కడికి రావాలి. పేగు జబ్బు ఊపిరితిత్తులకూ పాకగలదని అమెరికా వైద్యులు 1976లోనే రాసిపెట్టారు, అయినా ఇప్పటికీ చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆస్తమానే. పిల్లికూతలు ఉంటాయి, ఇన్‌హేలర్ ఇస్తారు, కొంచెం తగ్గుతుంది, మళ్లీ వస్తుంది.

అందరూ ఆశ్చర్యపోయే సంగతి ఒకటుంది. కడుపు ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా ఛాతీ తిరగబడగలదు. పెద్దపేగు పూర్తిగా తీసేసిన తర్వాత, కొందరికి ఏళ్లు గడిచాక, శ్వాసనాళాల జబ్బు మొదలైన సందర్భాలున్నాయి. "పేగే లేదు కదా, ఇంకేం సంబంధం" అని డాక్టర్ అన్నా, మీ కాగితంలో ఆపరేషన్ తేదీ ఉండాలి.

చికిత్స జబ్బు ఎక్కడుందో దాన్ని బట్టి ఉంటుంది. పెద్ద శ్వాసనాళాల్లో ఉంటే బుడెసొనైడ్, ఫ్లుటికాసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్‌తో మొదలుపెడతారు. ఊపిరితిత్తి కండలో ఉంటే నోటి ద్వారా ఇస్తారు. కఫం నిలిచేవాళ్లకు దాన్ని బయటికి తెప్పించే ఊపిరి వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు నేర్పుతారు. మందు ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం, బద్ధకిస్తే పదేపదే ఇన్ఫెక్షన్లు వస్తాయి.

ఇన్‌హేలర్ వాడాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత వస్తుంది. స్ప్రే రకమైతే స్పేసర్ పెట్టి వాడండి. స్పేసర్ లేకుండా వాడితే మందులో చాలాభాగం గొంతులోనే ఆగిపోతుంది, ఆపైన "పనిచెయ్యట్లేదు" అని మానేస్తారు.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

"కొంచెం నయం" అన్న మాట మీద ఆధారపడకండి. రెండో అంచెలో కొలిచినవే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ కొలవండి. పొద్దున కఫం 15 మిల్లీలీటర్ల నుంచి 5కి వచ్చిందా? ఆరు నిమిషాల నడక తర్వాత ఆక్సిజన్ పడిపోవడం తగ్గిందా? పీఎఫ్‌టీ అదే ల్యాబ్‌లో చేయించండి, ల్యాబ్ మారిస్తే అంకెలు పోల్చలేం. మందు ఆపినందువల్ల తగ్గాల్సిన రకమైతే ఈసినోఫిల్స్, ఎక్స్‌రే మచ్చలు కూడా మెరుగవ్వాలి. ఏ మార్పూ లేకపోతే మోతాదు పెంచడం కంటే ముందు జబ్బు పేరు సరైనదేనా అని మళ్లీ అడగాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

దగ్గుకి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర స్టెరాయిడ్ సూది వేయించుకోవడం. రెండు రోజులు హాయిగా ఉంటుంది, ఈలోపు టీబీ పెరుగుతుంది, పరీక్షలు తప్పుతాయి.

లెవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ మెడికల్ షాపులో కొనుక్కోవడం. టీబీ మీద కూడా అది కొంత పనిచేస్తుంది కాబట్టి జబ్బు పైకి తగ్గినట్టు కనిపించి, అసలు రోగం తేలడం ఆలస్యమవుతుంది. పైగా యాంటీబయాటిక్ కోర్సుల తర్వాత సీ డిఫిసిల్ అనే క్రిమి వల్ల విరేచనాలు పట్టుకుంటే జబ్బు తిరగబెట్టిందనుకుని స్టెరాయిడ్ పెంచేస్తారు. యాంటీబయాటిక్ వాడిన తర్వాత విరేచనాలు పెరిగితే ముందు ఆ పరీక్ష అడగండి.

ఛాతీ నొప్పికి డైక్లోఫినాక్ వేసుకోవడం. పేగులకు మంచిది కాదు. అవసరమైతే పారాసెటమాల్ వేసుకోండి.

"కొలైటిస్‌కి సిగరెట్ మంచిదట" అనుకుని మళ్లీ మొదలుపెట్టడం. పొగతాగేవాళ్లలో అల్సరేటివ్ కొలైటిస్ తక్కువన్నది నిజమే, దాన్ని మందులా వాడమని ఏ డాక్టరూ అనరు. క్రోన్స్‌ని అది ఇంకా ముదరబెడుతుంది, ఊపిరితిత్తుల సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆసుపత్రిలో చేరినప్పుడు పొట్ట మీద వేసే హెపారిన్ ఇంజెక్షన్‌ని వద్దనడం. "రక్తం పోతుంటే రక్తం పల్చబడే సూది వేస్తారేంటి" అని ఇంటివాళ్లు గొడవపడతారు. ఆ భయం అర్థం చేసుకోదగిందే, కానీ తీవ్రమైన కొలైటిస్‌లో మలంతో రక్తం పడుతున్నా ఆ సూది వేయాలనే వైద్య మార్గదర్శకాలు చెబుతాయి, గడ్డ ముప్పు అంత ఎక్కువ కాబట్టి. ప్రాణం మీదికి వచ్చేలా రక్తం పోతుంటే డాక్టర్లే ఆపుతారు.

టీకాలు వాయిదా వేయడం. ఏటా ఫ్లూ టీకా, దాంతోపాటు న్యూమోకోకల్ టీకా బయలాజిక్ మొదలుపెట్టకముందే వేయించుకుంటే బాగా పనిచేస్తాయి, మొదలైపోయినా వేయించుకోవచ్చు. బతికున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం ఆ మందుల మీద ఉండగా వద్దు.

విదేశాల్లో ఉన్నవాళ్లకు రెండు మాటలు

అమెరికాలో ఇన్‌ఫ్లిక్సిమాబ్ వేయించుకుంటూ నెల రోజులు ఇండియా వచ్చి వెళ్లాక దగ్గు మొదలైతే, అక్కడి డాక్టర్‌కి ఇండియాలో ఎన్ని రోజులున్నారో, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందో చెప్పండి. పాత ఐగ్రా నెగెటివ్ రిపోర్టు ప్రయాణానికి ముందుది, దాన్ని నమ్ముకోవద్దు.

ఇరవై గంటల ప్రయాణాన్ని జబ్బు తిరగబెట్టిన వారంలో పెట్టుకోకండి. తప్పకపోతే నీళ్లు బాగా తాగండి, గంటకోసారి లేచి నడవండి, గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పి గడ్డకట్టకుండా సూది అవసరమా అని అడగండి. దిగిన తర్వాత రెండు మూడు వారాల వరకూ పిక్క నొప్పిని ప్రయాణం బడలిక అనుకోవద్దు.